బ్లాక్ బెల్టు వచ్చింది సరే, చెప్పడం వచ్చా?

ఏప్రిల్ వస్తే చాలు, తిరుపతిలో ఎమ్మార్‌పల్లి నుంచి కొర్లగుంట దాకా ఏ కరెంటు స్తంభం చూసినా కరాటే ఫ్లెక్సీనే. సమ్మర్ క్యాంప్, అడ్మిషన్లు జరుగుచున్నవి. మధ్యలో మాస్టర్ గారు గాల్లోకి లేచి తన్నుతున్న ఫోటో, లేదంటే తలతో పెంకులు పగలగొడుతున్న ఫోటో. (బాగా ఎండిన పల్చటి పెంకులు మధ్యలో సందు వదిలి పేర్చితే కొంచెం సాధనతో చాలామంది పగలగొట్టగలరు. అది వేరే కథ.) కింద వరసగా ఫలానా డాన్ (బ్లాక్ బెల్టులో మెట్టు), ఫలానా చాంపియన్, ఫలానా రికార్డు. నేను అదే వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ ఫ్లెక్సీలను ఆగి మరీ చదువుతాను. ఆయన ఎంత ఎత్తుకు తన్నగలడో తెలుస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లాడికి తన్నడం ఎట్లా నేర్పుతాడో ఎక్కడా ఉండదు. నేర్పడం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అసలే ఉండదు.

ఇదే ఊళ్లో సర్కారు బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెప్పాలంటే డీఎడ్ చదవాలి, టెట్ పాసవ్వాలి, డీఎస్సీ కోసం కోచింగ్ సెంటర్లలో ఏళ్లకేళ్లు కూర్చోవాలి. అదే మూడో తరగతి పిల్లల మోకాళ్లూ నడుములూ భయాలూ ఒక మనిషి చేతిలో పెట్టాలంటే మాత్రం ఆయన నడుముకు నల్ల బెల్టు ఉంటే సరిపోతుంది. బాక్సింగ్‌కో జూడోకో కోచ్ కావాలనుకునేవాళ్లకు పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంది. 1961 నుంచి అక్కడ కోచ్‌లను తయారుచేస్తున్నారు. మన వీధి కరాటేకు ఆ గొడవే లేదు. బ్లాక్ బెల్ట్ అనేది ఒక విద్యార్థి బాగా నేర్చుకున్నాడని ఇచ్చే గుర్తు. చెప్పడం రావాలంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి, ఇంకొకరి కళ్ల ముందు, ఏళ్లపాటు నేర్చుకోవాలి. ఈ రెండింటినీ మనం కలిపేశాం. పిల్లల ఒళ్లు దానికి మూల్యం కడుతోంది.

నేను చిత్తూరులో బడి చదువుకునే రోజుల్లో కరాటేలో చేరాను. తెల్లవారుజామున మెసానికల్ గ్రౌండులో క్లాసు. మా మాస్టర్ పగలు ఉద్యోగం చేసుకునేవాడు, పొద్దున్నే మాకు చెప్పేవాడు. ఎల్లో, ఆరెంజ్, గ్రీన్ బెల్టులు అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి, అందులో చెప్పుకోవడానికేమీ లేదు. అసలు సంగతి బ్లాక్‌కు ముందుదైన బ్రౌన్ బెల్ట్ దగ్గర మొదలైంది. బ్రౌన్ బెల్టులంతా ముందు వరసలో నిలబడతారు. నన్ను మాత్రం ఆయన వైట్ బెల్టుల దగ్గరికి పంపేశాడు. "ఇంగ నీ కటా నువ్వు ఇంట్లో చేసుకోమ్మా, ఈడ ఈ చిన్నోళ్లను చూడు" అన్నాడు. (కటా అంటే దెబ్బలూ అడ్డుకోవడాలూ వరసగా కూర్చి, ఒంటరిగా చేసే సాధన.) నేర్పమనలేదు, చూడమన్నాడు. క్లాసు అయ్యాక బూట్లు వేసుకుంటుంటే పక్కన కూర్చుని ప్రశ్నలు. "ఆ బనీను పిల్లోడు అడుగు ముందుకేసినప్పుడు ఎనక మడమ లేస్తాండాది గదా, ఎందుకు?" నేను మడమ లేస్తోందని చెప్తే చాలదు, ఎందుకో చెప్పాలి.

ఆ ఒక్క మడమ సంగతి వివరంగా చెప్తాను. జెన్‌కుట్సు దాచి అని ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపి నిలబడే భంగిమ ఉంది. అందులో అడుగేసి గుద్దేటప్పుడు చిన్నపిల్లల్లో చాలామందికి వెనక మడమ పైకి లేస్తుంది. ఎదురుగా నిలబడితే ఇది కనపడదు, పక్కకు వెళ్లి చూడాలి. కనపడగానే కొత్త ఇన్‌స్ట్రక్టర్ "మడమ కింద పెట్టు!" అని అరుస్తాడు. పిల్లాడు భయపడి మడమ కింద పెడతాడు, వెంటనే పిరుదు వెనక్కి పోయి నడుము వంగుతుంది. ఒక తప్పు పోయి రెండు వచ్చాయి. కారణం మడమలో లేదు. వాడి పొడుగుకు మించి అడుగు పెద్దదై ఉంటుంది, లేదా వెనక పాదం వేళ్లు పక్కకు తిరిగి ఉంటాయి, లేదా చీలమండ బిగుసుకుపోయి ఉంటుంది. అడుగు జానెడు తగ్గించమంటే సగంమందికి మడమ దానంతటదే దిగుతుంది. అరవాల్సిన పనే లేదు. ఇది నాకు కటా వచ్చినంత మాత్రాన తెలిసేది కాదు. నా మడమ ఎప్పుడూ లేవలేదు కాబట్టి అసలే తెలిసేది కాదు. బాగా వచ్చినవాళ్లకు చెప్పడం ఎందుకు కష్టమో ఇక్కడే ఉంది: తమకు ఒంటికి పట్టేసిన దాన్ని వాళ్లు ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు.

ఇంకోటి అద్దం సమస్య. ఎదురుగా నిలబడి చెప్పేటప్పుడు పిల్లల ఎడమ నాకు కుడి. హెయాన్ షోడాన్ అనే మొదటి కటా మొదలయ్యేది ఎడమకు తిరిగి కిందికి అడ్డుకోవడంతో. నోటితో "ఎడమ" అంటూ నేను కుడికి తిరగాలి. ఇరవై ఒక్క కదలికల కటా మొత్తం అట్లా తిరగేసి ఒంటికి పట్టించుకోవాలి. అంతటితో అయిపోదు. కటా మధ్యలో పిల్లలు వెనక్కి తిరుగుతారు, అప్పుడు నేను వాళ్ల వీపుల వెనక ఉంటాను. అప్పటిదాకా చివరి వరసలో దాక్కున్న కొత్త పిల్లలు ఒక్కసారిగా ముందు వరస అవుతారు, చూసి చేయడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. అందుకే గుంపుకు నాలుగు మూలలా కటా వచ్చిన పిల్లలను నిలబెట్టాలి. చెప్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ నేను చూసిన చాలా క్యాంపుల్లో తెలిసినవాళ్లంతా ముందు వరసలో ఫోటోకు నిలబడతారు, వెనక్కి తిరిగిన నిమిషం క్లాసు సంతలా అవుతుంది. అప్పుడు తిట్లు పడేది పిల్లలకే.

ఇదంతా నేనేదో కొత్తగా కనిపెట్టి చెప్తున్నది కాదు. ఈ విద్యను ఇప్పుడున్న రూపంలోకి తెచ్చినవాళ్లే బడిపంతుళ్లు. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఇతోసు అనే పెద్దాయన, పెద్దవాళ్లు చేసే పొడవాటి కటాలు బడిపిల్లలకు మింగుడుపడవని గమనించి, వాళ్ల కోసం ఐదు పినాన్ కటాలు కూర్చాడు. మనం హెయాన్ అని చేస్తున్నవి అవే. 1908లో ఆయన విద్యాశాఖకు ఒక ఉత్తరం రాశాడు. ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో చదివేవాళ్లకు కరాటే నేర్పండి, వాళ్లు బయటికొచ్చి ప్రాథమిక బడుల్లో చెప్తారు అని అందులో సూచించాడు. అంటే విద్యను టీచర్ల చేతుల్లో పెట్టమన్నాడు, బాగా కొట్టేవాళ్ల చేతుల్లో కాదు. ఆయన శిష్యుడు ఫునకోషి ఒకినావాలో ఏళ్ల తరబడి ప్రాథమిక పాఠశాల టీచరు. 1922లో టోక్యోకు వచ్చి కరాటే ప్రదర్శించేనాటికి ఆయనకు యాభై దాటాయి. మూడు టెక్కీ కటాలకు తనకు పదేళ్లు పట్టాయని చెప్పుకున్నాడాయన. ఇక యుద్ధవిద్యల్లో డాన్ పద్ధతి మొదలుపెట్టిన జిగోరో కానో జూడో గురువు. 1882లో కొడోకాన్ అనే జూడో బడి పెట్టాడు, మరుసటి ఏడే ఇద్దరు శిష్యులకు మొదటి డాన్ ఇచ్చాడు. టీచర్లను తయారుచేసే టోక్యో కాలేజీకి చాలాకాలం ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. కరాటేలో డాన్ ఇవ్వడం 1924లో ఫునకోషితో మొదలైంది. ఎవరికి ఎంతవరకు వచ్చిందో గురువుకు, పిల్లాడికి తెలియడానికి ఒక టీచరు పెట్టుకున్న ఏర్పాటు అది. మనం దాన్ని తెచ్చి ఫ్లెక్సీ మీద అచ్చేసుకున్నాం.

ఒంటి సంగతికి వస్తాను, నాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే. పదేళ్ల నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలు గబగబా పెరుగుతారు. ఎముకల చివర్లలో పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది. మోకాలిచిప్ప కింద, కాలి ఎముక ముందువైపు చిన్న గడ్డలాంటి చోటుంటుంది. తొడ కండరం లాగుడంతా చివరికి వచ్చి పడేది అక్కడే. గ్రౌండు చుట్టూ కప్పగంతులు వేయించి, లోతుగా బస్కీలు తీయించి, సిమెంటు నేల మీద ఎగిరి దూకించారంటే ఆ చోట వాపు, నొప్పి. డాక్టర్లు దీన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఆటలు ఆడే పిల్లల్లో ఇది బాగా కనిపిస్తుంది, ఆ ఆటను కొన్నాళ్లు తగ్గిస్తే చాలామందికి తగ్గిపోతుంది కూడా. కానీ పిల్లాడు "మోకాలు నొప్పి సార్" అన్నప్పుడు అది సాకో, ఈ నొప్పో కనిపెట్టాలంటే ఆ సార్‌కు ఇట్లాంటిదొకటి ఉందని తెలిసుండాలి. తెలియకపోతే ఏం చేస్తాడు? తన మాస్టర్ తనను ఏమన్నాడో అదే అంటాడు: "ఇంకో రౌండ్ వెయ్, అదే పోతాది." పిడికిళ్ల మీద పుష్‌అప్స్ కూడా ఇంతే. ఇరవై ఏళ్లవాడికి పర్వాలేదు. తొమ్మిదేళ్ల పాప మణికట్టూ వేళ్లూ దానికి కట్టే మూల్యం వేరు.

ఇక తిరుపతి ఎండ. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊరు మనది. మిద్దె మీద సిమెంటు సాయంత్రం ఐదింటికి కూడా కాలుతూనే ఉంటుంది. మందపాటి తెల్ల డ్రెస్సు. "మధ్యలో నీళ్లు తాగితే స్టామినా పోతాది" అనే మాట ఇప్పటికీ కొన్నిచోట్ల వింటున్నాను. ఆ మాటకు పునాది ఏమీ లేదు. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా త్వరగా వేడెక్కుతుంది, దాహం వేస్తోందని చెప్పడానికి వాళ్లు జంకుతారు. నీళ్ల విరామం ఇవ్వడం పిల్లలను గారాబం చేయడం కాదు, క్లాసు నడపడంలో భాగం.

ఆడపిల్లల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. నేను డ్రెస్సు వేసుకుని, బెల్టు కట్టుకుని నిలబడి ఉంటే కూడా కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు నన్నే అడుగుతారు, "మాస్టర్ లేరామ్మా?" అని. నవ్వుకుని ఫారం ఇస్తాను. నవ్వలేనిది ఇంకోటి. కరాటేలో దిద్దడమంటే చాలామందికి చేయి వేయడమే. నడుము పట్టుకుని తిప్పడం, తొడ పట్టుకుని ఎత్తడం, వెనక నుంచి చేతులు పట్టుకుని గుద్దించడం. మనసులో ఏ దురుద్దేశమూ లేనివాళ్లు కూడా ఇట్లాగే చేస్తారు, వాళ్లకు వాళ్ల మాస్టర్ అట్లాగే నేర్పాడు కాబట్టి. నేననేది ఇంతే: ఎవరైనా ఇబ్బంది పెడితే "వద్దు" అని గట్టిగా అరవమని నేర్పే క్లాసులో, అడగకుండా నడుము మీద చేయి వేసే మాస్టర్ ఉంటే ఆ పాప నేర్చుకునేది ఏమిటి? చేయి వేయకుండా దిద్దడం కుదురుతుంది. నేనే పక్కన నిలబడి తప్పూ ఒప్పూ రెండూ చేసి చూపిస్తాను. సన్న వెదురు కర్ర గాల్లో పట్టుకుని "మోకాలు దీని దాకా రావాల" అంటాను. తప్పనిసరైతే అడిగి, మోచేతినో భుజాన్నో తాకుతాను. మగపిల్లల దగ్గరా అంతే. తలుపు తెరిచి ఉంటుంది, ఎవరో ఒక తల్లి కూర్చుని ఉంటుంది, పిల్లలకు విడిగా రాత్రిపూట వాట్సాప్ మెసేజులు ఉండవు. పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. బ్లాక్ బెల్ట్ గ్రేడింగ్‌లో, అంటే బెల్టు పరీక్షలో, కటాలు అడుగుతారు, కుమితే (ఎదురెదురుగా పోరు) అడుగుతారు, ఈ చట్టం పేరైనా అడగరు.

సర్కారు బడుల్లో ఆరు నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. మూడు నెలలు, ఒక్కో బడికి నెలకు 5,000 రూపాయల లెక్క. మూడు నెలల్లో ఏం చెప్పాలన్నది పూర్తిగా టీచరు తెలివి మీద ఆధారపడే ప్రశ్న. కటాలే తెలిసినవాడు ఆ మూడు నెలలూ కటా చెప్పి, ఆఖరి రోజు కలెక్టరాఫీసు నుంచి ఎవరైనా వస్తే వరసగా నిలబెట్టి చేయించి ఫోటో తీయిస్తాడు. ఆ పిల్లకు బస్సులో పక్కసీటువాడి నుంచి ఎట్లా తప్పుకోవాలో తెలియదు. చెప్పడం తెలిసినవాళ్లు గొంతుతో మొదలుపెడతారు. గట్టిగా అరవడానికే సగంమంది పిల్లలకు రెండు వారాలు పడుతుంది, ఇంట్లో ఎప్పుడూ అరవనివ్వలేదు మరి. తర్వాత దూరం పాటించడం, పట్టుకున్న మణికట్టును బొటనవేలి వైపు నుంచి విడిపించుకోవడం, పరుగెత్తడం, అత్యవసర నంబరు 112కో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో ఫోన్ చేయడం. ఇందులో చూడ్డానికి బాగుండేది ఏదీ లేదు, ఫోటోకు పనికిరాదు.

ఇంత చెప్పాక కుర్ర ఇన్‌స్ట్రక్టర్లను తిడుతున్నానని అనుకోకండి. పందొమ్మిదేళ్లకే సొంత బోర్డు పెట్టుకుంటున్నారంటే కారణం ఉంది. చాలా క్లాసుల్లో బ్రౌన్ బెల్ట్ రాగానే సీనియర్లే పాఠం చెప్తారు, మాస్టర్ గ్రేడింగ్ రోజు వస్తాడు. సీనియర్లకు రూపాయి రాదు, పెట్రోలు కూడా వాళ్లదే. "గురుసేవ" అంటారు. పక్కన కూర్చుని, మడమ ఎందుకు లేచిందని అడిగే గురువు ఉంటే అది శిక్షణ. గురువు లేకుండా ఊరికే చెప్పించుకుంటే అది వెట్టి. నాలుగేళ్లు వెట్టి చేసినవాడు ఐదో ఏట సొంతంగా పెట్టుకోక ఏం చేస్తాడు? పెట్టుకున్నాక నెల ఫీజుతో అద్దె కూడా రాదు, గ్రేడింగ్ ఫీజే దిక్కు. అప్పుడు పిల్లాణ్ని ఫెయిల్ చేయడం కుదరదు. చేస్తే వాళ్ల నాన్న పక్క వీధి క్లాసులో చేరుస్తాడు, అక్కడ మూడు నెలలకో రంగు ఖాయం. తల్లిదండ్రులకు కూడా ఇందులో వాటా ఉంది. "మా వాడికి ఎప్పుడు బ్లాక్ వస్తుంది?" అన్నదే చేరిన రోజు మొదటి ప్రశ్న.

చెప్పడం కూడా నేర్చుకోవాలని నేనంటే, తెలిసిన మాస్టర్ ఒకాయన నాతో బాగా వాదించాడు. "మన పల్లెల్లో కర్రసాము నేర్పే పెద్దాయనలకు ఏ డిప్లొమా ఉంది మేడం? జాతరలో కర్ర తిప్పితే కళ్లు తిరుగుతాయి. వాళ్లు నేర్పలేదా?" మంచి ప్రశ్నే. చిత్తూరు చుట్టుపక్కల, అరవ సరిహద్దు ఊళ్లలో ఇప్పటికీ అట్లా నేర్పేవాళ్లున్నారు. వాళ్లకు బెల్టూ లేదు, కాగితమూ లేదు. కానీ చూడండి, అక్కడ కర్ర తిప్పడం వచ్చిన కుర్రవాణ్ని మరుసటి రోజే గురువు చేయరు. ఏళ్ల తరబడి పెద్దాయన పక్కన నిలబడి, చిన్నవాళ్లకు అడుగులు వేయిస్తాడు. పెద్దాయన అరుగు మీద కూర్చుని తప్పులు కేకేసి చెప్తుంటాడు. ఊరంతా చూస్తుంటుంది. ఎవడికైనా కర్ర తగిలితే సాయంత్రానికి వాళ్ల అమ్మ ఇంటిముందు నిలబడుతుంది. అంటే నేనడిగేది అక్కడ ఉంది, కాగితం ఒక్కటే లేదు. కాగితం నాకూ అక్కర్లేదు. రెండు రోజుల సెమినారుకు ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఎంతమంది లేరు? నేనడిగేది ఇంకొకరి కళ్ల ముందు చెప్పిన కాలం. ఎవరి దగ్గర, ఎంతకాలం, ఎంత వయసు పిల్లలకు సహాయకుడిగా చెప్పావు, నిన్ను ఎవరు చూశారు, ప్రథమ చికిత్స ఎక్కడ నేర్చుకున్నావు. తల్లిదండ్రులు చేరిన రోజు బెల్టు ఎప్పుడని కాకుండా ఇవి అడిగితే చాలు, కరాటే సంఘాలు మారకపోయినా క్లాసులు మారతాయి.

"ఇవన్నీ పెడితే మాస్టర్లు ఎట్లా బతకాల?" అన్నాడాయన. ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నా క్లాసులో చేస్తున్నది మాత్రం చెప్పగలను. పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదువుతున్న అమ్మాయి ఒకతె నా దగ్గర సహాయకురాలు. బ్లాక్ బెల్ట్ వచ్చి కొంతకాలమైంది. ఆమె చెప్పే బ్యాచ్ ఫీజులో ఆమెకు వాటా ఇస్తున్నాను, దానివల్ల నాకు తగ్గింది, తగ్గిందని ఒప్పుకుంటాను. క్లాసు అయ్యాక ఆమెను ప్రశ్నలు అడుగుతాను, ఈమధ్య ఆమే నన్ను అడుగుతోంది. నిరుడు వైట్ బెల్టుల్లో ఇద్దరిని గ్రేడింగ్‌కు పంపొద్దని చెప్పింది ఆమే. అందులో ఒక పిల్లాణ్ని వాళ్ల నాన్న మాన్పించేశాడు, రెండో పాప ఇప్పుడు గ్రీన్ బెల్ట్‌లో ఉంది.

పోయిన నెల నా సహాయకురాలి నాన్న వచ్చాడు. "మా పాపకు బెల్టొచ్చి ఇన్నాళ్లయింది గదా మేడం, మా వీధిలోనే ఒక క్లాసు పెట్టిస్తే పోలా? మిద్దె ఖాళీగా ఉండాది" అన్నాడు. ఇంకో ఏడాది ఆగమన్నాను. ఆ ఏడాదిలో చిన్నపిల్లల బ్యాచ్ మొత్తం ఆమెకే వదిలేస్తాను, ఫీజులో సగం ఆమెది, వారానికి ఒకరోజు నేను వచ్చి చూస్తాను, అంతే అన్నాను. ఆయన ఫోను తీసి సగం ఎంతవుతుందో లెక్క వేసుకున్నాడు, మిద్దె మీద సొంతంగా పెడితే ఎంతొస్తుందో కూడా వేసుకున్నాడు. ఇంట్లో మాట్లాడి చెప్తానన్నాడు.